విషాదాంత నాటకాల్లో చిన్న పాత్రలు కథను ఎలా నడుపుతాయి?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది పాఠకుడిగా అడిగారు: విషాద నాటకమంటే నాయకుడు తన లోపం వల్ల తానే పతనమవడం అని ప్రతి పుస్తకంలోనూ రాస్తారు కదా, మరి ఈ దాదులు, కాపలావాళ్లు, కబురు తెచ్చేవాళ్లు అక్కడ ఏం చేస్తున్నట్టు? రెండోది రచయితగా అడిగారు: మీరు రాస్తున్న నాటకంలో ఇంటి పెద్దాయనకు కొడుకు రాసిన ఉత్తరాన్ని పనిమనిషి దాచేస్తుంది, దాంతో కథ మలుపు తిరుగుతుంది, చదివిన స్నేహితులేమో "ఇది ఆమె చేసినట్టు లేదు, నువ్వు చేయించినట్టుంది" అన్నారు, దీన్నెలా బాగుచేయాలి? రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. చాలా ఏళ్లుగా నాటకాలు వేయిస్తూ, పాఠం చెబుతూ ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

నా దృష్టిలో అసలు సంగతి ఇది. చిన్న పాత్ర కథను నడపడానికి రంగం మీదికి రాదు. తన పని మీద వస్తుంది. జీతం కోసమో, బహుమానం కోసమో, యజమాని మీద అభిమానంతోనో, మొగుణ్ణి మంచి చేసుకోవాలనో, ప్రాణభయంతోనో వస్తుంది. తను ఒక విషాద నాటకంలో ఉన్నానని ఆ మనిషికి తెలియదు. ఆ చిన్న అవసరం నాయకుడి పెద్ద అవసరానికి ఎక్కడో అడ్డం తగులుతుంది, కథ అక్కడ తిరుగుతుంది. గొప్ప నాటకాల్లో ఈ చిన్న అవసరం ఎంత స్పష్టంగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

సోఫోక్లీజ్ రాసిన ఈడిపస్ కథే తీసుకుందాం. థీబ్స్ నగరానికి తెగులు పట్టుకుంది. పాత రాజు లాయస్‌ను చంపినవాణ్ణి పట్టుకుంటే తప్ప అది వదలదని దైవవాక్కు. ఇప్పటి రాజు ఈడిపస్ తానే విచారణ మొదలుపెడతాడు. కొంతదూరం వెళ్లేసరికి అనుమానం తన మీదికే తిరుగుతుంది. సరిగ్గా అప్పుడు కొరింథ్ నుంచి ఒక ముసలాయన దిగుతాడు. ఆయనకు పేరు కూడా లేదు. తెచ్చింది మంచి కబురే: అక్కడి రాజు పోలిబస్ వయసు మీద పడి పోయాడు, జనం ఈడిపస్‌ను రాజుగా చేసుకోవాలనుకుంటున్నారు. తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అన్న జోస్యం విని, పోలిబస్సే తండ్రి అనుకుని, కొరింథ్ వదిలి పారిపోయి వచ్చినవాడు ఈడిపస్. కాబట్టి ఈ కబురుతో సగం భయం తీరిపోయింది. "కానీ తల్లి ఇంకా బతికే ఉంది కదా" అంటాడు. ముసలాయన ఊరుకోవచ్చు. ఊరుకోడు. రాజుకు ఆ కాస్త భయం కూడా తీర్చేద్దామని, "వాళ్లు మిమ్మల్ని కన్నవాళ్లే కాదు" అని చెప్పేస్తాడు. సిథెరాన్ కొండ మీద పసిబిడ్డగా మిమ్మల్ని అందుకున్నది నేనే, చీలమండలకు పొడిచిన కట్లు విప్పింది నేనే అంటాడు.

ఎందుకు చెప్పాడు? రాజు తిరిగి వస్తే తనకేమైనా గిట్టుబాటు అవుతుందని వచ్చానని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. బహుమానం మీద ఆశ, పక్కనే నిజమైన మంచితనం. ఈ రెండే ఆ ముసలాయన సరుకు. పక్కన నిలబడి వింటున్న జొకాస్టాకు, లాయస్ విధవ, ఇప్పుడు ఈడిపస్ భార్య అయిన ఆమెకు, మాత్రం అంతా అర్థమైపోతుంది: అతన్ని కన్నది తనే. ఇక అడగొద్దని ఈడిపస్‌ను బతిమాలి, లాభం లేక లోపలికి వెళ్లిపోతుంది. అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్'లో కథ తలకిందులవడం అంటే ఏమిటో వివరించడానికి ఉదాహరణగా తీసుకున్నది ఈ ముసలాయన రాకనే. భయం తీర్చడానికి వచ్చినవాడు సరిగ్గా దానికి వ్యతిరేకమైన ఫలితం తెచ్చాడు అంటాడు. నాయకుడి లోపం గురించి రాసినాయనే మలుపుకు ఉదాహరణగా పేరులేని మనిషిని ఎంచుకున్నాడన్నది మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు.

తర్వాత వచ్చే పశువుల కాపరి ఇంకా గట్టి పాత్ర. బిడ్డను కొండ మీద వదిలేయమని ఇస్తే మనసొప్పక కొరింథ్ కాపరి చేతిలో పెట్టినవాడు అతనే. ఏళ్ల తర్వాత లాయస్ హత్య జరిగినప్పుడు ప్రాణాలతో తప్పించుకున్న ఒకే ఒక్క సాక్షీ అతనే. చంపింది ఒక దొంగల గుంపు అని తిరిగొచ్చి చెప్పాడు. ఆ బహువచనం పట్టుకునే ఈడిపస్ చాలాసేపు ఆశ పెట్టుకుంటాడు: గుంపు అయితే చంపింది నేను కాదు కదా అని. సింహాసనం మీద ఈడిపస్‌ను చూడగానే ఆ కాపరి జొకాస్టా చేయి పట్టుకుని, నగరం కనపడనంత దూరం పొలాలకు పంపేయమని వేడుకుని వెళ్లిపోయాడట. వేరే రచయితైతే ఇక్కడ ఇద్దరు మనుషుల్ని పెట్టేవాడు, బిడ్డను ఇచ్చినవాడొకడు, హత్య చూసినవాడొకడు. సోఫోక్లీజ్ ఇద్దర్నీ ఒకడిగా చేశాడు. అందుకే అతను నోరు విప్పితే రెండు నేరాలూ ఒకేసారి బయటపడతాయి. చేతులు వెనక్కి విరిచి, హింసిస్తామని బెదిరిస్తే గానీ చెప్పడు. బిడ్డను ఎందుకు ఇచ్చావంటే జాలేసి ఇచ్చానంటాడు. నాటకం మొత్తంలో అతి భయంకరమైన మాట అదేనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఎవరో ఒకరు కాస్త కఠినంగా ఉండుంటే ఈ కథే లేదు.

మరి నాయకుడి లోపం ఎక్కడికి పోయింది అంటారా? అదీ అక్కడే ఉంది. ఆపమని గుడ్డి జోస్యుడు టైరీషియస్ అన్నాడు, జొకాస్టా అంది, చివరికి ఈ కాపరీ అన్నాడు. "ఇక చెప్పరాని మాట దగ్గరికొచ్చాను" అని కాపరి అంటే, "నేనూ వినరాని మాట దగ్గరే ఉన్నాను, అయినా వినాలి" అంటాడు ఈడిపస్. అంటే తలుపు చిన్న పాత్ర తెరుస్తుంది, లోపలికి నడిచేది మాత్రం నాయకుడే. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మీ నాటకం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

గ్రీకు నాటకాల్లో ఇలాంటివాళ్లు ఎందుకు ఎక్కువంటే అందులో రంగస్థల అవసరం కూడా ఉంది. చావులు సాధారణంగా తెర వెనకే జరిగేవి, లోపల ఏం జరిగిందో బయటికొచ్చి చెప్పడానికి ఒకడు కావాలి. ఆ అవసరాన్ని పాత్రగా మార్చడంలోనే పనితనం ఉంది. 'యాంటిగొనీ'లో కాపలావాణ్ణి చూడండి. పూడ్చకూడదన్న శవం మీద ఎవరో మట్టి చల్లారు. ఈ చెడ్డ కబురు రాజు క్రియాన్‌కు ఎవరు చెప్పాలని కాపలావాళ్లు చీట్లు వేసుకుంటే ఇతనికి పడింది. దారిపొడుగునా ఆగి ఆగి, వెనక్కి పోదామా ముందుకు పోదామా అని తనలో తనే వాదించుకుంటూ వచ్చానని చెబుతాడు. అసలు సంగతి మాత్రం చెప్పడు! ప్రేక్షకులు నవ్వుతారు. పట్టుకురాకపోతే చంపుతానని రాజు బెదిరిస్తాడు. రెండోసారి వచ్చినప్పుడు, మట్టి చల్లిన యాంటిగొనీని, ఆ చనిపోయినవాడి తోబుట్టువును, పట్టుకొస్తాడు. అయినవాళ్లను కష్టంలోకి నెట్టడం బాధే గానీ నా ప్రాణం కన్నా నాకేదీ ఎక్కువ కాదు అని తేల్చేస్తాడు. క్రూరుడు కాదు, తన తల కాపాడుకుంటున్నాడంతే. మొండితనానికీ మొండితనానికీ మధ్య పోరు ఇతని భయం వల్లే ముఖాముఖీ అయింది.

ఈస్కిలస్ 'ఒరెస్టెయా'లో ఒక ముసలి దాది ఉంది, సిలిస్సా. క్రీ.పూ. 458 నాటి నాటకం. తండ్రిని చంపిన తల్లి మీదా, ఆమె ప్రియుడు ఏజిస్థస్ మీదా పగ తీర్చుకోవడానికి ఒరెస్టిస్ మారువేషంలో వచ్చాడు. అతను చనిపోయాడన్న అబద్ధపు కబురు నమ్మి, వాడికి పాలు పట్టిన రోజులు, తడిపిన గుడ్డలు ఉతికిన రోజులు చెప్పుకుని ఏడుస్తూ పోతుంటుంది. ఏజిస్థస్‌ను అంగరక్షకులతో సహా పిలుచుకురమ్మని రాణి, అంటే ఒరెస్టిస్ తల్లి, ఆమెకు చెప్పింది. కోరస్‌లోని, అంటే పాటల బృందంలోని స్త్రీలు ఆమెను ఆపి, అంగరక్షకులు వద్దు, ఒంటరిగా రమ్మని చెప్పు అంటారు. అంతే, ఒక్క మాట మారింది. ఏజిస్థస్ ఒంటరిగా వచ్చి చచ్చాడు. ఈ దాది రెండోసారి కనిపించదు.

ఇప్పుడు షేక్స్‌పియర్ దగ్గరికొద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం సమస్యకు అతి దగ్గరి ఉదాహరణ 'ఒథెల్లో'లో ఉంది. సేనాని ఒథెల్లో తన భార్య డెస్డిమోనాను అనుమానించేలా ఇయాగో పన్నిన కుట్రంతా ఒక చేతిరుమాలు మీద నిలబడింది. ఆ రుమాలు డెస్డిమోనాకు ఒథెల్లో ఇచ్చిన మొదటి కానుక. అది కింద పడితే తీసింది ఇయాగో భార్య, డెస్డిమోనా చెలికత్తె ఎమీలియా. షేక్స్‌పియర్ ఈ కథను ఇటలీ రచయిత చింథియో 1565లో అచ్చువేసిన కథల నుంచి తీసుకున్నాడు. అక్కడ రుమాలు కాజేసేది విలనే. తన చిన్న కూతుర్ని ఎత్తుకెళ్లి డెస్డిమోనాకు అందించి, ఆమె పాపను ముద్దు చేస్తుండగా నడుం దగ్గర్నుంచి లాగేస్తాడు. రంగం మీద అద్భుతంగా ఉండే దృశ్యం అది. షేక్స్‌పియర్ దాన్ని వదిలేసుకుని ఆ పనిని భార్య చేతికిచ్చాడు. ఎందుకు?

ఎమీలియా మాటలు చూస్తే తెలుస్తుంది. ఈ రుమాలు దొంగిలించమని మా ఆయన వందసార్లు అడిగాడు, ఇందులోని కుట్టుపని చూసి ఇంకోటి చేయించి ఆయనకిస్తాను, ఎందుకో నాకు తెలియదు, ఆయన సరదా తీరితే చాలు అంటుంది. అంటే దొంగతనం చేయాలని కూడా లేదు, నకలు తీయించి అసలుది తిరిగి ఇచ్చేద్దామనే ఉంది. ఇంతలో ఇయాగో వస్తాడు, లాక్కుంటాడు. భర్త దగ్గర ఎప్పుడూ చీదరింపులే తినే ఇల్లాలికి ఒక్క క్షణం మెప్పు కావాల్సి వచ్చింది. అదీ ఆమె అవసరం.

అయితే నాకు అంతకన్నా ముఖ్యమైనది తర్వాతి రంగం. రుమాలు ఎక్కడ పోగొట్టుకున్నానో అని డెస్డిమోనా ఆమెనే అడుగుతుంది. "తెలియదమ్మా" అంటుంది ఎమీలియా. మూలంలో అది నాలుగు మాటల జవాబు. వెంటనే ఒథెల్లో వచ్చి రుమాలు ఏదని గద్దిస్తాడు. ఎమీలియా అక్కడే ఉండి వింటుంది, ఒక్క మాట చెప్పదు. రుమాలు పడిపోవడం ప్రమాదం, తీయడం బలహీనత, ఈ మౌనం మాత్రం ఆమె ఎంచుకున్నది. అందుకే చివరి అంకంలో రుమాలు సంగతి వినగానే, మొగుడు కత్తి దూసినా నోరు మూయక నిజం బయటపెట్టి, అతని చేతిలోనే చచ్చిపోయినప్పుడు ఆ చావుకు అంత బరువుంటుంది. విలనే రుమాలు కొట్టేసి ఉంటే ఆ చివరి రంగమే లేదు. రుమాలు తర్వాతి ప్రయాణం కూడా ఇలాంటిదే. డెస్డిమోనా ప్రియుడని తను నమ్మిస్తున్న కాసియో గదిలో ఇయాగో పడేస్తాడు, కాసియో దాన్ని తన ప్రియురాలు బియాంకాకిచ్చి ఇందులోని కుట్టు దించిపెట్టమంటాడు, ఇది వేరే ఎవత్తెదో అని బియాంకా అసూయతో తెచ్చి అతని మొహాన కొడుతుంది. చాటు నుంచి ఒథెల్లో చూస్తుంటాడు. ఆమె వస్తుందని ఇయాగో కూడా అనుకోలేదు! అంత పెద్ద కుట్రదారుడికి కూడా ఒక అమ్మాయి మామూలు అసూయ వచ్చి కలిస్తే గానీ సాక్ష్యం పూర్తి కాలేదు.

చిన్న పాత్రల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం 'కింగ్ లియర్' మూడో అంకం చివర్లో వచ్చే సేవకుడు. పేరు లేదు. డైలాగులు గట్టిగా పది లైన్లు కూడా ఉండవు. ముసలి గ్లోస్టర్‌ను కుర్చీకి కట్టేసి డ్యూక్ కార్న్‌వాల్ ఒక కన్ను పీకేస్తాడు. రెండో కన్ను కూడా పీకెయ్ అంటుంది అతని భార్య, లియర్ కూతురు రీగన్. అప్పుడు పక్కనున్న సేవకుడు ముందుకొస్తాడు. చిన్నప్పటి నుంచీ తమ కొలువులోనే ఉన్నాను దొరా, ఇప్పుడు ఆగమని చెప్పడం కన్నా మంచి సేవ నేనెప్పుడూ చేయలేదు అంటాడు. దొర మీద కత్తి దూస్తాడు. రీగన్ ఇంకొకరి కత్తి తీసుకుని వెనక నుంచి పొడిచేస్తుంది. సేవకుడు చస్తాడు, కార్న్‌వాల్ ఆ రెండో కన్నూ పీకేస్తాడు. అంటే పైకి చూస్తే అతను ఏమీ ఆపలేకపోయాడు.

అక్కణ్ణుంచి కథను వేలు పెట్టి చదవండి. సేవకుడి దెబ్బకు కార్న్‌వాల్ చనిపోతాడు. రీగన్ విధవ అవుతుంది, అంటే గ్లోస్టర్ అక్రమ సంతానం, తండ్రిని పట్టిచ్చిన ఎడ్మండ్‌ను పెళ్లాడే స్వేచ్ఛ ఆమెకొచ్చింది. ఎడ్మండ్ మీద అక్క గొనెరిల్ కన్ను కూడా ఉంది, ఆమెకేమో మొగుడు బతికే ఉన్నాడు. కార్న్‌వాల్ పోయాడన్న కబురు వినగానే గొనెరిల్ మనసులో అనుకునేదే ఇది: ఒక రకంగా మంచిదే, కానీ అది విధవ, నా ఎడ్మండ్ దాని దగ్గరున్నాడు. ఆ కంగారులో మొగుణ్ణి చంపేయమని ఎడ్మండ్‌కు ఉత్తరం రాస్తుంది. దాన్ని మోసుకెళ్లేది ఆమె నౌకరు ఆస్వాల్డ్. దారిలో గ్లోస్టర్ తల మీదున్న బహుమానానికి ఆశపడి చంపబోయి, గ్లోస్టర్ పెద్దకొడుకు ఎడ్గర్ చేతిలో చస్తాడు. ఉత్తరం ఎడ్గర్‌కు చిక్కి, గొనెరిల్ మొగుడు ఆల్బనీకి చేరుతుంది. కుట్ర బయటపడుతుంది, ఎడ్మండ్ పడిపోతాడు, గొనెరిల్ చెల్లెలికి విషం పెట్టి తనను తాను పొడుచుకుంటుంది. ఆ దుర్మార్గుల కూటమి మొత్తం పగిలింది ఎక్కడ? పేరులేని సేవకుడి కత్తి మొన దగ్గర. లియర్ గానీ, ఆల్బనీ గానీ, ఫ్రాన్స్ సైన్యం గానీ చేయలేని పని అది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆస్వాల్డ్ చస్తూ కూడా ఈ ఉత్తరాలు ఎడ్మండ్‌కు అందించమని చంపినవాణ్ణే వేడుకుంటాడు. అంతకుముందు రీగన్ ఎంత అడిగినా ఉత్తరం విప్పనివ్వడు. అంటే విశ్వాసపాత్రుడే! ఒక నౌకరు యజమానికి ఎదురుతిరిగి కథను తిప్పాడు, ఇంకొకడు చివరి ఊపిరి దాకా మాట జవదాటక కథను తిప్పాడు. మంచివాళ్లయితే ఇలా, చెడ్డవాళ్లయితే అలా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

నాటకం వేసేటప్పుడు సమయం మిగుల్చుకోవడానికి ముందు కోత పడేది ఇలాంటివాళ్ల మీదే. 1608 నాటి ప్రతిలో ఈ రంగం చివర మిగిలిన ఇద్దరు సేవకులు మాట్లాడుకుని, గ్లోస్టర్ మొహానికి రాయడానికి అవిసెనార, గుడ్డు తెల్లసొన తెస్తామని వెళతారు. 1623 నాటి సంపుటంలో ఆ మాటలు లేవు. 1962లో పీటర్ బ్రూక్ తన ప్రసిద్ధ ప్రదర్శనలో కూడా ఆ ఓదార్పును తీసేశాడు. ఆ నాలుగు మాటలు ఉంటే ఒక లోకం, లేకపోతే ఇంకో లోకం. కథ గమనం మారదు గానీ ప్రేక్షకుడు విరామానికి బయటికెళ్లేటప్పుడు మోసుకెళ్లేది మారిపోతుంది. నన్నడిగితే ఉంచుతాను.

మీరు వేసిన ఉపప్రశ్న కూడా న్యాయమైనదే: చిన్న పాత్రల వల్లే అంతా జరిగితే అది విషాదం కాదు, దురదృష్టం కదా? 'రోమియో జూలియట్' మీద ఎప్పట్నుంచో ఉన్న ఫిర్యాదు ఇదే. విందుకు పిలవాల్సినవాళ్ల జాబితా చదవడం రాని నౌకరు, దారిన పోయే రోమియోనే చదివిపెట్టమని అడుగుతాడు. కథ మొదలైందే అలా. చివర్లో జూలియట్ చావలేదన్న ఉత్తరం తీసుకెళ్లాల్సిన ఫ్రయర్ జాన్, తోడుకోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ వెళ్లి, ప్లేగు అనుమానంతో అధికారులు తలుపులు మూసేసిన ఇంట్లో చిక్కుకుపోతాడు. అదే సమయంలో రోమియో నౌకరు బాల్తజార్ మాత్రం జూలియట్ చనిపోయిందన్న కబురు పట్టుకుని ఆఘమేఘాల మీద వస్తాడు. నిజం ఆలస్యమైంది, అబద్ధం విశ్వాసంగా పరుగెత్తుకొచ్చింది. ఒప్పుకుంటాను, ఇది అంచు మీద నడక. కానీ షేక్స్‌పియర్ అక్కడ కూడా ఒక మనిషిని పెట్టాడు, మందులవాణ్ణి. రోమియో తలదాచుకున్న మాంటువా నగరంలో విషం అమ్మితే మరణశిక్ష. రోమియో నలభై డకెట్లు చూపిస్తాడు. ఒప్పుకునేది నా పేదరికమే గానీ నా మనసు కాదు అంటాడు ఆ బక్కచిక్కిన మనిషి. ప్రమాదాల మధ్యలో రోమియో తొందరపాటును, డబ్బుతో ఇంకొకరి మెడలు వంచి మరీ చావు కొనుక్కోవడాన్ని మనం కళ్లారా చూస్తాం. ఉత్తరం రాకపోవడం ప్రమాదమే. ఒక్క రాత్రి ఆగకపోవడం రోమియో.

'జూలియస్ సీజర్'లో ఈ తేడా ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. కుట్రదారుల పేర్లన్నీ రాసి ఆర్టెమిడోరస్ సీజర్ చేతికే ఇవ్వబోతాడు, ముందు ఇదే చదవండి, ఇది మీ సొంత విషయం అంటాడు. నా సొంత విషయాలు చివర్న చూస్తానంటాడు సీజర్. ఆ చిన్న పాత్ర వచ్చింది హత్యను ఆపడానికి. నాటకంలో చేసింది మాత్రం సీజర్ తన దర్పానికి తనే బలయ్యేలా ఒక అవకాశం ఇవ్వడం. కాపాడబోయినవాడు కూడా కథను ముందుకే తోస్తాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చిన్న పాత్రను చెత్తబుట్టగా వాడే అలవాటు పెద్ద పెద్దవాళ్లకే ఉంది. యురిపిడీజ్ 'హిప్పోలిటస్'లో (క్రీ.పూ. 428) సవతి కొడుకు మీద అబద్ధపు నింద రాసిపెట్టి చచ్చిపోయేది రాణి ఫేడ్రానే. 1677లో రసీన్ అదే కథ రాస్తూ ఆ నిందను దాది ఇనోన్ నోట పెట్టాడు. అంత నీచపు మాట రాకుమారి నోట బాగుండదని, అది దాదికైతే తగినట్టుంటుందని ముందుమాటలో తానే రాసుకున్నాడు. రసీన్ పద్యం మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ సమర్థన మాత్రం మింగుడుపడదు. యురిపిడీజ్ దాది ఇంతకన్నా తెలివైన కల్పన. ఫేడ్రా ఆ సవతి కొడుకు హిప్పోలిటస్‌నే ప్రేమిస్తోందన్న రహస్యం చెప్పే ముందే ఎవరికీ చెప్పనని హిప్పోలిటస్ చేత ఒట్టు వేయించుకుంటుంది. తర్వాత తండ్రి శపించేటప్పుడు నిజం చెప్పి బయటపడే దారి ఉన్నా ఆ ఒట్టు అతని నోరు కట్టేస్తుంది. దాది జాగ్రత్తే ఉరితాడైంది, దాన్ని మెడకు గట్టిగా బిగించుకున్నది హిప్పోలిటస్ నిష్ఠ. దాది మీద నీచత్వం రుద్దాల్సిన అవసరమే రాలేదు.

విషాదం కానిచోట ఇదే యంత్రం ఎలా తిరుగుతుందో చూడాలంటే 'శాకుంతలం' ఉంది. చేప కడుపులో దొరికిన ఉంగరం అమ్మబోయి రాజభటుల చేత తన్నులు తిన్న జాలరి కూడా తన పని మీద వచ్చినవాడే. అతని వల్ల దుష్యంతుడికి జ్ఞాపకం తిరిగొచ్చింది. వస్తువు చేరాల్సిన చోటికి ఆలస్యంగానైనా చేరింది, కథ గట్టెక్కింది. ఫ్రయర్ జాన్ దారిలో చిక్కుకున్నాడు, కథ మునిగింది. చిన్న పాత్ర పనితీరు రెండుచోట్లా ఒకటే.

ఆధునిక నాటకంలో దాదులు, దూతలు తగ్గిపోయి ఫోన్లు, ఉత్తరాలు వచ్చాయి గానీ పద్ధతి అదే. ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'లో (1949) పక్కింటి కుర్రాడు బెర్నార్డ్ పెద్దవాడై లాయరై వచ్చి, ఆ రోజు బోస్టన్‌లో ఏం జరిగిందని నాటక నాయకుడు విల్లీని మామూలుగా అడుగుతాడు. విల్లీ కొడుకైన తన స్నేహితుడి జీవితం ఎందుకు పాడైందో తెలుసుకుందామని తప్ప అతనికి వేరే ఉద్దేశం లేదు. కానీ విల్లీ మూసిపెట్టుకున్న గది తాళం కదిలింది ఆ ప్రశ్నతోనే.

ఇక మీ పనిమనిషి. ఆమె ఉత్తరం ఎందుకు దాచిందన్నదానికి మీ చిత్తుప్రతిలో ఉన్న కారణం "పెద్దాయన బాధపడతాడని". అది ఆమె కారణం కాదు, మీ కథకు కావాల్సిన కారణం. ఉత్తరం చేరితే ఆమెకు పోయేదేమిటి? కొడుకు ఇంటికొస్తే ఇల్లు అమ్మేస్తారని, తను ఇన్నేళ్లుగా పడుకుంటున్న ఆ వెనక గది పోతుందని ఆమెకు భయమనుకోండి. ఆ భయాన్ని మొదటి అంకంలోనే, ఉత్తరంతో ఏ సంబంధమూ లేని చోట, ఏ సామాన్లు సర్దుతున్నప్పుడో ఒక్క ముక్కలో అననివ్వండి. అప్పుడు దాచడం ప్రేక్షకుడికి వింతగా ఉండదు.

రెండో సంగతి, ఎమీలియాకు ఎదురైనట్టు మీ మనిషికి కూడా నేరుగా ఒక ప్రశ్న ఎదురవ్వాలి. "ఉత్తరమేమైనా వచ్చిందా?" అని పెద్దాయన అడగాలి, "రాలేదు బాబుగారూ" అని ఆమె అనాలి. ఇప్పుడు మీ ప్రతిలో ఎవరూ అడగరు, అందుకే ఆమె దాచడం పని లాగా ఉంది గానీ నిర్ణయం లాగా లేదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఉత్తరం దాచినంత మాత్రాన పెద్దాయన పతనం కాకూడదు. ఉత్తరం రాలేదంటే కొడుకు తనను మర్చిపోయాడని ఆయన నమ్మాలి, ఎందుకంటే అలా నమ్మడం ఆయనకు ఇష్టం. ఫోన్ చేసి కనుక్కోమని ఎవరో ఒకరు చెప్పాలి, ఆయన అహం అడ్డొచ్చి చేయకూడదు. ఆ ఒక్క చోటు రాస్తే మీ స్నేహితుల అభ్యంతరం చాలావరకు పోతుంది.

పోస్ట్‌మన్, పక్కింటాయన, పనిమనిషి ముగ్గురూ ఎందుకన్నది నాకు అర్థం కాలేదు. ఉత్తరం తెచ్చేది, చివర్లో నిజం చెప్పేది వేర్వేరు మనుషులైతే ఇద్దరూ పలచబడతారు. సోఫోక్లీజ్ కాపరి చేత చేయించినట్టు, పక్కింటాయన పనిని కూడా పనిమనిషికే ఇచ్చి చూడండి. దాచిన మనిషే చివరికి చెప్పాల్సి వస్తే ఆ రంగం దానంతట అదే రాసుకుంటుంది.

చివరగా, ఆమెకు పేరు పెట్టాలా, 'పనిమనిషి' అని వదిలేయాలా అని అడిగారు. రాతప్రతిలో ఎలా ఉన్నా ఫర్వాలేదు. పెద్దాయన ఆమెను ఏమని పిలుస్తాడో మాత్రం తేల్చుకోండి. మొదటి అంకంలో పేరు పెట్టి పిలిచి, ఉత్తరం కోసం ఎదురుచూసి విసిగిపోయిన రెండో అంకంలో "ఏమే" అంటే, ఆమె నిజం ఎందుకు చెప్పలేకపోయిందో నటికి వేరే వివరించాల్సిన పనుండదు. ఆ వేషం కొత్తవాళ్లకు ఇవ్వకండి, మీ బృందంలో మాట లేకుండా నిలబడగలిగే నటికి ఇవ్వండి.